శనివారం ఎత్తిన బరువు

గోల్ఫ్ అనే ఆట ఒకటుందని తెలుసు గానీ, దానితో నాకు పని పడుతుందని ఉద్యోగం చివరి ఏడాది దాకా అనుకోలేదు. బాలికల హైస్కూళ్ళలో డ్రిల్లు టీచరుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. మొదట ధర్మవరం, తర్వాత పెనుకొండ, చివరికి హిందూపురం. మూడూ ఒకే రైలు దారిలోని ఊళ్ళు. ఇల్లు మాత్రం ధర్మవరం వదల్లేదు. పొద్దున రైలెక్కి పోవడం, సాయంత్రం రైలెక్కి రావడం. నా సర్వీసులో సగం కిటికీ పక్కనే గడిచింది.

నా ఒంటి గురించి ముందే చెప్పేస్తాను. నన్ను చూసినవాళ్ళు ఎలాగూ మొదట దాని గురించే మాట్లాడతారు. నేను లావు మనిషిని. చిన్నప్పటి నుంచీ అంతే. మా నాయన మగ్గం నేసేవాడు. ఇంట్లో అందరూ పుల్లల్లా ఉండేవాళ్ళు, నేనొక్కదాన్నే ఇలా పుట్టాను. కాలేజీలో షాట్‌పుట్ విసిరేదాన్ని. రాష్ట్రస్థాయి దాకా వెళ్ళాను. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పోతే అక్కడున్న పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, "ఇంత లావుగా ఉండి పిల్లలకేం డ్రిల్లు చెప్తావమ్మా?" అన్నాడు. "మీ ముందున్న టేబులు ఎత్తి చూపించమంటారా సార్?" అన్నాను. నవ్వేశారు. ఉద్యోగం వచ్చింది. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. టీచర్ల గదిలో నేను టిఫిన్ క్యారియర్ విప్పితే చాలు, ఎవరో ఒకరు "ఈ రోజన్నా కొంచెం తగ్గించండి మేడం" అనేవాళ్ళు. నవ్వేదాన్ని. ఒళ్ళు మండేది, అయినా నవ్వేదాన్ని.

కొత్తగా డ్రిల్లు టీచర్లుగా చేరిన మీకు ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మీ దగ్గరికి వచ్చే పిల్లలు రకరకాల ఒళ్ళతో వస్తారు. ఏ ఒళ్ళు ఏ ఆటకు పనికొస్తుందో చెప్పడానికి మీ చుట్టూ చాలామంది తయారుగా ఉంటారు. ఆ మాటలు వినండి, కొట్టిపారేయక్కర్లేదు. కానీ అవి విని ఊరుకుంటే ఏమవుతుందో నేను చూశాను.

మా స్కూల్లో సైకిల్ షెడ్డు పక్కన ఒక చిన్న గది ఉండేది. ఎప్పుడో ఏదో పథకం కింద వచ్చిన ఇనుప బరువులు, ఒక కడ్డీ, రెండు బెంచీలు అందులో తుప్పు పట్టిపోతుంటే నేనే రుద్ది, రంగు వేయించి పిల్లల చేత ఎత్తించేదాన్ని. ఆ గది సంగతి ఎవరి ద్వారానో విని ఒక సాయంత్రం గోల్ఫ్ కోచ్ వచ్చాడు. బెంగళూరు కుర్రాడు, ముప్పై దాటి ఉండవు. పెనుకొండ అవతల హైవే పక్కన, ఫ్యాక్టరీల్లో పనిచేసే విదేశీ ఇంజనీర్ల కోసం కట్టిన చిన్న గోల్ఫ్ మైదానం ఒకటి ఉంది. తొమ్మిది గుంతల మైదానం. పూర్తి ఆట ఆడాలంటే దాన్నే రెండుసార్లు చుట్టాలి. వారానికి మూడు రోజులు వచ్చి అక్కడ ఆట నేర్పేవాడు. అతని వెనకాల ఒక అమ్మాయి నిలబడి ఉంది. పొట్టిగా, దిట్టంగా, నేల మీద నాటినట్టు ఉంది. తల దించుకునే నా గదిలోని బరువుల్ని ఒక్కొక్కటే చూస్తోంది.

"మేడం, ఈ హుడుగి ఆట బాగా ఆడుతుంది. కానీ చూడండి, గోల్ఫ్ బాడీ కాదు. కొంచెం సన్నం చెయ్యాలి మీరు" అన్నాడు, అమ్మాయిని కన్నడంలో హుడుగి అంటూ.

"యాల సన్నం చేసేదప్పా? నువ్వేమన్నా సినిమాకు తీసుకుపోతాండావా?" అన్నాను.

అతను నొచ్చుకోలేదు. మంచివాడే. ఓపికగా చెప్పాడు. ఈ ఆటలో ఎండలో నాలుగైదు గంటలు నడవాలి, బరువున్నవాళ్ళు చివర్లో అలిసిపోతారు. పొడుగ్గా, సన్నగా, చేతులు బారుగా ఉన్నవాళ్ళకు కర్ర పెద్ద చుట్టు తిరుగుతుంది. బరువులెత్తితే భుజాలు బిగుసుకుపోతాయని కూడా అతనికి భయం. నేను ఆ అమ్మాయిని పక్కకు పిలిచి వివరాలు అడిగాను. వాళ్ళది నల్లమాడ వైపు పల్లె. గొర్రెల కాపరుల ఇల్లు. తల్లిదండ్రులు బెంగళూరులో కట్టడం పనులకు పోతే అవ్వ దగ్గరే పెరిగింది. ఇంటర్ అయ్యాక ఆ మైదానంలో బంతులు ఏరే పనికి చేరింది, పెనుకొండలో చిన్నాయన వాళ్ళింట్లో ఉంటూ. ఎవరూ లేనప్పుడు ఒక బంతి కొట్టి చూసింది. అది కంచె దాటి పోయింది. చూసిన ఇంజనీరు ఒకాయన తిట్టకుండా తన పాత కర్ర ఇచ్చాడు. ఇప్పుడు హిందూపురంలో డిగ్రీ చదువుకుంటూనే ఆడుతోంది.

ఆ శీతాకాలం చివర అదే మైదానంలో ఎంపిక పోటీ ఉందని కోచ్ చెప్పాడు. చుట్టుపక్కల జిల్లాల అమ్మాయిలు వస్తారు. మొదటి ఇద్దరికి అకాడమీలో సీటు, రెండేళ్ళు ఉచితంగా ఉండి నేర్చుకోవచ్చు. పై ఏడాదికి ఈ అమ్మాయికి వయసు దాటిపోతుంది. కాబట్టి ఇది మొదటి అవకాశం, ఆఖరి అవకాశం కూడా. రాకపోతే మళ్ళీ బంతులు ఏరుకోవడమే.

మరుసటి వారం నేను మైదానానికి పోయి ఒక గంట కూర్చుని ఆమె ఆట చూశాను. ఆట నాకు అర్థం కాలేదు, ఒళ్ళు మాత్రం అర్థమైంది. బంతి చేతులతో పోవడం లేదు. ముందు పాదం నేలను తొక్కుతుంది, తర్వాత తొడ, తర్వాత నడుము తిరుగుతుంది, చేతులు అన్నిటికన్నా చివర వస్తాయి. నేను ఇనుప గుండు విసిరినప్పుడూ అంతే కదా. బావిలో నీళ్ళు చేది, నడవలేని గొర్రెపిల్లల్ని ఎత్తుకుని, చెనక్కాయ మూటలు బండికెత్తి పెంచుకున్న తొడలవి. వాటిని కరిగించమంటాడేమిటి ఈ అబ్బాయి అని కడుపు రగిలిపోయింది. ఆమెను వెనకేసుకొస్తున్నానని అనుకున్నాను గానీ, నిజానికి ఆ ఇంటర్వ్యూ పెద్దమనిషితోనే మళ్ళీ వాదిస్తున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

చివరికి ఇద్దరం రాజీకొచ్చాం. ఆట, తిండి కోచ్ చూసుకుంటాడు. బరువులు నేను చూసుకుంటాను. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. ఎంత బాగా పంచుకున్నామో అని ఆ రోజు సంతోషపడ్డాను. తిండిని ఒకరి చేతిలోనూ, బరువుని ఇంకొకరి చేతిలోనూ పెట్టి పిల్లని మధ్యలో నిలబెట్టామని తోచలేదు.

వారంలో రెండు సాయంత్రాలు తేలిక వ్యాయామం. శనివారం పొద్దున మాత్రం పెద్ద బరువులు, ఎందుకంటే ఆ రోజు ఆమెకు కాలేజీ ఉండదు. కడ్డీ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం, నేల మీది బరువును నడుము వంచకుండా పైకెత్తడం. మిగతా రోజుల్లో పొంగిపోయేలా చేసేది. నేను ఒకటి చెబితే ఇంకొకటి వేసుకుని, "ఇంగొకటి ఎత్తుదునా మేడం?" అని అడిగేది. శనివారం వచ్చేసరికి ఆ పిల్ల కాదు. మొదట బాగానే మొదలుపెట్టేది, అరగంటకు మొహం పాలిపోయేది. అక్కడి నుంచి మైదానానికి పోతే అక్కడా అంతే. మొదటి బంతులు బాణాల్లా పోయేవి. తర్వాత తర్వాత కుడి పక్కకు కొట్టుకుపోయేవి.

"శనివారమొస్తే నీ కాళ్ళకేమయితాదమ్మే?" అని కసిరేదాన్ని. నవ్వి ఊరుకునేది. మగపిల్లల స్కూలు డ్రిల్లు సార్ ఒకాయన మా గదికి వచ్చిపోతూ ఉండేవాడు, "శని పట్టినట్టుండాది మేడం" అని ఒక జోకు వేసి పోయేవాడు.

"తిన్యావా?" అని అడగకుండా ఏ రోజూ మొదలుపెట్టలేదు నేను. "తిన్యా మేడం" అనేది. మీరు మాత్రం అలా అడగకండి. తిన్నావా అంటే మన ఊళ్ళలో ఎవరైనా తిన్నాననే అంటారు, అది మర్యాద. ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావు అని అడగండి.

ఒక శనివారం కడ్డీ భుజాల మీద పెట్టుకుని కిందికి కూర్చుంది, పైకి రాలేదు. కళ్ళు నా వైపే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. కడ్డీ మెల్లగా మెడ మీదికి జారుతోంది. అరవడానికి కూడా టైము లేదు. వెనక నుంచి పోయి కడ్డీ కింద నా రెండు చేతులు పెట్టి, ఆమె నడుముకు నా పొట్ట ఆనించి, బరువుతో సహా పైకి లేపాను. బరువు స్టాండు మీద పడ్డాక ఇద్దరం నేల మీద కూలబడ్డాం. ఆమె "సారీ మేడం" అంది. చెంప మీద ఒకటి ఇద్దామన్నంత కోపమొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగి నీళ్ళిచ్చాను.

ఆ రోజే కోచ్‌కి ఫోన్ చేసి పోట్లాడాను. "చెప్పాను కదా మేడం, బరువైన ఒళ్ళు, అలిసిపోతుంది. ఇంకా తగ్గాలి" అన్నాడు. "తగ్గడం కాదప్పా, బలం చాల్లేదు, ఇంకా పెంచల్ల" అన్నాను. ప్రతి సోమవారం అతను ఆమెను తూకం వేసేవాడు. మిషన్ ముల్లు వారం వారం కిందికి జరుగుతోందని అతనికి ఆనందం. నేనేమో మామూలు రోజుల్లో ఆమె ఎత్తే బరువు పెరుగుతోందని ఆనందం. ఇద్దరికీ ఎవరి లెక్క వాళ్ళకు బాగుంది. శనివారం ఎందుకలా అవుతోందన్నది మాత్రం ఇద్దరమూ ఆ పిల్ల ఒంటి మీదికే నెట్టాం.

పోటీ శనివారం పడింది.

ఈ ఆటలో ఒక నియమం ఉంది. ఆడుతున్నప్పుడు ఆటగాడికి సలహా చెప్పే హక్కు వాళ్ళ సంచి మోసే మనిషికి ఒక్కరికే. ఆ పోటీలో కోచ్‌లు సంచులు మోయకూడదు, తాడు అవతలే నిలబడాలి. "మేడం, మీరు రండి" అని ఆ అమ్మాయి అడిగింది. రిటైర్మెంటుకు నెలల దూరంలో ఉన్న లావుపాటి మనిషిని, కర్రలు నిండిన సంచి భుజాన వేసుకుని ఆ పచ్చగడ్డిలో దిగాను. నిర్వాహకుల్లో ఒకాయన నన్నూ ఆమెనూ కలిపి చూసి పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. ఏమన్నాడో వినకపోయినా తెలుస్తుంది.

ధర్మవరంలో తెల్లవారే రైలెక్కాను, కంగారులో టిఫిన్ చేయలేదు. స్టేషన్లో కాఫీ మాత్రం తాగాను. విరామంలో తిందామని చిత్రాన్నం పొట్లం ఒకటి సంచి జేబులో పెట్టుకున్నాను.

మొదటి ఆరు గుంతలు ఎలా ఆడిందంటే, నాతో పాటు నడుస్తున్న వేరే సంచుల వాళ్ళు కూడా బంతి పోయిన వైపు చూసి తలలు ఊపారు. ఏడో గుంత దగ్గర కర్ర అందిస్తుంటే చెయ్యి తగిలింది. చల్లగా, చెమటగా ఉంది. ఆ మొహం నాకు తెలుసు, అది శనివారం మొహం. బంతి కుడికి పోయి ముళ్ళకంపల్లో పడింది. ఎనిమిదిలో ఇసుక గుంటలో పడింది. తొమ్మిదిలో అయితే మూరెడు దూరం నుంచి వేయాల్సిన బంతి కూడా గుంత పక్క నుంచి జారిపోయింది. సగం ఆట అయ్యేసరికి రెండో స్థానంలో ఉన్న పిల్ల అయిదో స్థానానికి పోయింది.

అరగంట విరామం. షామియానా కింద అందరికీ భోజనం పొట్లాలు ఇచ్చారు. ఈమె తన పొట్లం విప్పకుండా పక్కనే ఉన్న వేరే అమ్మాయి వాళ్ళ కారు డ్రైవరుకు ఇచ్చేసి, నీళ్ళ సీసా తెరవబోతోంది. మూత తిరగడం లేదు. చేతిలో పట్టు లేదు.

"తినకుండా యాల ఇచ్చేస్తివే?"

"ఆకలి లేదు మేడం."

అప్పుడే కోచ్ తాడు దాటి వచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు. "వదిలేయండి మేడం, శనివారాలు తినదు కదా. మంచి అలవాటే, అందుకే కదా అంత తగ్గింది" అన్నాడు.

నేను సంచి కింద పడేశాను. "తినదని నీకు తెల్సా?"

"తెలుసు. ఫాస్టింగ్. ఇప్పుడందరూ చేస్తున్నారు కదా."

ఆ క్షణంలో నా నోట్లోంచి ఏం వచ్చిందో ఇక్కడ రాయలేను. ఆ అబ్బాయి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను ఆ పిల్ల మోకాళ్ళ దగ్గర కూర్చుని, "నిజం చెప్పు" అన్నాను.

చెప్పింది. ఈ సీటు రావాలని వాళ్ళ అవ్వ కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. సీటొచ్చేదాకా తన మనవరాలు శనివారం శనివారం ఒక్కపొద్దు ఉంటుందని, సాయంత్రం దీపం పెట్టాకే అన్నం ముడుతుందని. ఈ పిల్లకు కోచ్ ముందు ఇబ్బంది లేదు, తూకం తగ్గుతోందని అతను మెచ్చుకుంటున్నాడు. నాకు చెబితే తిడతానని చెప్పలేదు. పస్తు కడుపుతో శనివారం శనివారం నా గదికొచ్చి, మెడ మీద ఇనుము పెట్టుకుని లేచింది.

"ఇప్పుడు తిను. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను, నా పొట్లం విప్పి.

"వద్దు మేడం. సీటు తేలే రోజే మొక్కు తప్పితే సీటొస్తాదా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ గొంతు గట్టిగా ఉంది.

వాదనతో ఇది తెగదని అర్థమైంది. ఆట మొదలయ్యే ముందు తీసుకున్న ఫోన్లు విరామం కాబట్టి తిరిగిచ్చారు. పల్లెలో ఉండే ఆమె పెదనాయన నంబరుకు చేయించాను. ఆయన గొర్రెల వెంట ఉన్నాడు. అవ్వ చెనక్కాయ చేన్లో ఉందన్నాడు. "పరిగెత్తప్పా, పిల్ల బతుకు సంగతి" అన్నాను. అవతల ఆయన రొప్పడం, గొర్రెల అరుపులు, కంప తీసి జరిపిన చప్పుడు వినిపిస్తున్నాయి. ఇవతల నిర్వాహకుడు గడియారం చూసుకుంటున్నాడు. మొదటి జట్టు అప్పుడే మళ్ళీ ఆటకు నడుస్తోంది.

చివరికి అవ్వ గొంతు వినిపించింది. "ఎవురమ్మా?"

"నేను అవ్వా, డ్రిల్లు టీచర్ని. నీ మనవరాలు ఏమీ తినకుండా ఆడతాంది. కాళ్ళు నిలబడల్యా. తినమని నువ్వు ఒక మాట చెప్పల్ల."

"అదెట్లయితాది తల్లీ? దేవునికి చెప్పిన మాట. సాయంత్రం తింటాదిలే."

"సాయంత్రానికి ఆట అయిపోతాదవ్వా. బలం చాలక ఓడిపోతాది."

"బలమా?" అవ్వ నవ్వింది. "ఆ ఆటకు బలమెందుకు? పిల్ల సెల్లులో చూపిచ్చింది నాకు. తెల్లబట్టలేసుకోని, గొడుగు పట్టుకోని గడ్డిలో తిరిగేదే గదా. మా గొర్లు గుడక దినామూ తిరగతాయి. కష్టం చేసే పని అయితే నేను పస్తు మొక్కుదునా?"

అవ్వకు గోల్ఫ్ అంటే షికారు. పని చేసే మనిషికి అన్నం ఆపదు ఆమె, కలుపు తీసే రోజైతే కూలోళ్ళకు ముందు సంగటి పెట్టి తర్వాత తను తినే మనిషి. ఊరికే నడిచే ఆటకు ఒక పూట తిండి లేకపోతేనేమని దేవుడికి మొక్కేసింది.

"అవ్వా, శనివారం శనివారం నేను నీ మనవరాలితో బరువులెత్తిస్తాండా. రెండు పొట్టేళ్ళ బరువు భుజాన పెట్టి, కూచోబెట్టి లేపుతాండా."

ఈసారి అవతల నుంచి వచ్చిన గొంతు వేరే.

"పస్తు పిల్లతో రెండు పొట్టేళ్ళు ఎత్తిచ్చినావా?"

"నాకు తెలీదవ్వా."

"తెలీదా? చదువు చెప్పే దానివి నీకు తెలీదా? ఎత్తిస్తాండానని ఒక మాట నాకు చెప్పినావా? ఆడపిల్లను నీ చేతిలో పెడితే ఇట్లనా చేసేది?"

"నువ్వు పస్తు పెడతాండానని నాకు చెప్పినావా అవ్వా?" అన్నాను. నా గొంతు కూడా లేచింది. షామియానా కింద వాళ్ళంతా మావైపు తిరిగారు. ఇద్దరం చెడామడా అరుచుకున్నాం. అరుచుకుంటుండగానే ఆ ముసలామె గొంతు తగ్గించింది. "పిల్లకియ్యి ఫోను" అంది.

స్పీకర్ పెట్టి ఇచ్చాను.

"తినమ్మే. మొక్కు నాది. నేనుంటాలే పస్తు."

"నీకు షుగరు ఉండాది గదవ్వా. మొన్న పుట్టపర్తి ఆసుపత్రిలో డాక్టరు ఏం చెప్పె? పూట తప్పితే పడిపోతావని చెప్పలా? నువ్వుంటానంటే నేను అసలే తినను."

"నా మాట వినమ్మే."

"వినను."

ఇద్దరిదీ ఒకే మొండితనం. నిర్వాహకుడు చెయ్యి ఊపాడు, ఇంకాసేపట్లో మా జట్టు బయల్దేరాలి. నేను ఫోను లాక్కున్నాను. ఆలోచించి అన్న మాట కాదు అది, నోట్లోంచి వచ్చేసింది.

"నేనుంటా అవ్వా."

"ఎవురు?"

"నేనే. నీ మనవరాలి బదులు నేనుంటా. ఈ పొద్దు నుంచి సీటొచ్చేదాకా, ఎన్ని శనివారాలైనా."

"నీ ఫొటో చూపిచ్చిందిలే నా మనవరాలు" అంది అవ్వ. "ఆ ఒళ్ళు పెట్టుకోని పస్తుంటావా తల్లీ నువ్వు?"

ఆ స్థితిలో కూడా ఆ పిల్ల ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. "ఉంటా" అన్నాను.

"పొద్దున ఏమన్నా తిన్యావా?"

"కాఫీ తాగినా, అంతే."

"కాఫీకి ఏం గాదు. నీళ్ళు తాగు. దీపం పెట్టేదాకా మెతుకు ముట్టగాకు. స్వామితో నేను చెప్పుకుంటా, మనిషి మారిందని."

నా చిత్రాన్నం పొట్లం ఆ పిల్ల చేతిలో పెట్టాను. రెండు అరటిపండ్లు ఎక్కడి నుంచో కోచ్ పరిగెత్తి తెచ్చాడు. ఆమె నడుస్తూనే తింది, గబగబా, కొంచెం గొంతుకు అడ్డం పడుతూ. నిమ్మకాయ, చెనగ్గింజల వాసన నా ముక్కుకు తగులుతూనే ఉంది. అంత దగ్గరగా నడవకమ్మే అని చెబుదామనుకున్నాను.

తిన్న వెంటనే బలం రాదు. రెండో చుట్టులో మొదటి రెండు గుంతలూ ప్రాణాలు తోడేశాయి. ఓడిపోయేలా కొట్టలేదు, గెలిచేలానూ కొట్టలేదు. మూడో గుంత దగ్గర నేను కర్ర అందించినప్పుడు చెయ్యి వెచ్చగా తగిలింది. ఆ దెబ్బ చప్పుడే వేరు. అక్కడి నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. సంచి పట్టీ భుజాన్ని కోస్తోంది, నాకు కడుపులో చెయ్యి పెట్టి మెలిపెట్టినట్టుంది. కళ్ళు బైర్లు కమ్మినప్పుడల్లా ఆమె బూట్ల మడమల్ని చూస్తూ నడిచాను.

చివరి గుంత దగ్గర బోర్డు ఉంది. మాదే ఆఖరి జట్టు, ముందు ఆడినవాళ్ళ లెక్కలన్నీ అందులో రాసేశారు. నాలుగు దెబ్బల్లో ముగిస్తే ఈమెది రెండో స్థానం, సీటు ఆమెది. అయిదైతే లేదు.

మొదటి దెబ్బ బాగానే పోయింది గానీ గడ్డి బాగా పెరిగిన చోట ఆగింది. అక్కడి నుంచి గుంతకు మధ్యలో ఒక కుంట ఉంది. కుంట దాటించి కొడితే నాలుగులో ముగించొచ్చు. ఆ గడ్డిలోంచి దెబ్బ సరిగ్గా పడకపోతే బంతి నీళ్ళలో పడుతుంది, అంతటితో అయిపోయినట్టే. పక్కగా నెమ్మదిగా కొట్టుకుంటే నీళ్ళ భయం లేదు, కానీ అప్పుడు అయిదు ఖాయం. తాడు అవతల కోచ్ రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడ్డాడు.

ఆమె నా వైపు తిరిగింది. "మేడం, దాటిద్దునా?"

గోల్ఫ్ గురించి నాకేం తెలుసు? "కాళ్ళెట్లుండాయి?" అని అడిగాను.

పాదాలు నేల మీద ఒకసారి అటూ ఇటూ నొక్కి చూసుకుంది. "నిలబడినాయి మేడం."

"అయితే కొట్టు."

ఆ పొట్టి ఒళ్ళు అంతా కిందికి దిగి, పాదం నేలను తొక్కి, తొడ తిరిగి, నడుము తిరిగింది. గడ్డి కుచ్చు ఒకటి లేచి గాల్లోకి ఎగిరింది. బంతి నాకు కనిపించలేదు. నేను కుంట వైపే చూస్తున్నాను, నీళ్ళు కదలలేదు. అవతలి గట్టు మీద నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. పచ్చగడ్డి అంచున ఆగి ఉంది తెల్లగా. అక్కడి నుంచి దొర్లించిన బంతి గుంతకు మూరెడు దూరంలో ఆగిపోయింది. ఆ మూరెడు దూరమే పొద్దున తప్పింది. ఆమె ఊపిరి వదిలి, కర్ర పట్టుకున్న వేళ్ళు ఒకసారి విప్పి మళ్ళీ మూసి, మెల్లగా తోసింది. లోపల పడిన చప్పుడు విన్నాను. వెంటనే నేను సంచి మీదే కూలబడ్డాను. వచ్చి నా మెడ పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.

కోచ్ దగ్గరికొచ్చాడు. "ఆ తూకం మిషన్ మీ స్కూలుకు ఇచ్చేస్తాను మేడం" అన్నాడు. "మాకొద్దప్పా, మా పిల్లల్ని చెడగొట్టద్దు" అన్నాను. నవ్వాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు, కొత్త పిల్లలు వచ్చినప్పుడు మొదట ఏం అడగాలో గుర్తుంచుకున్నాడు.

చిన్నాయన వచ్చి ఆ అమ్మాయిని పల్లెకు తీసుకుపోయాడు. నన్ను కోచ్ పెనుకొండ స్టేషన్లో దించాడు. దారిలో తిండి కోసం ఆపుతానంటే వద్దన్నాను. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుంటే వడలు, బజ్జీలు అమ్మేవాడు నా ముందు నుంచే అటూ ఇటూ తిరుగుతున్నాడు. సీటు అప్పుడే వచ్చేసింది కదా, మొక్కు తీరినట్టే కదా, తినేస్తే తప్పేముందని మనసు లాయర్లా వాదించింది. ఎందుకో చెయ్యి జేబులోకి పోలేదు. కొండ వెనక్కి పొద్దు దిగిపోయింది. స్టేషన్ దీపాలు వెలిగాయి.

ఫోన్ మోగింది. పెదనాయన నంబరు.

"టీచరమ్మా" అంది అవ్వ. సీటు గురించి అప్పటికే తెలిసి ఉంటుంది, వెనకాల ఇంటి నిండా జనం గోల వినిపిస్తోంది. దాని గురించి ఆమె ఒక్క మాటా ఎత్తలేదు. "పొద్దు మునిగింది. నీ పేరున దీపం పెట్నా. ఇంగ తిను."

"తింటా అవ్వా."

"ఏదో గతికేది కాదు. పొద్దుననుంచి నా బిడ్డ మూట మోసినావు. కడుపు నిండా తిను తల్లీ."

నా వయసులో సగం కూడా లేని పిల్లల దగ్గర్నుంచి పెద్ద డాక్టర్ల దాకా నాకు తిండి గురించి చెప్పనివాళ్ళు లేరు. మా అమ్మ పోయాక కడుపు నిండా తినమని చెప్పిన మనిషి మాత్రం ఈ అవ్వే. బజ్జీల అబ్బాయిని పిలిచాను. రైలు వచ్చి ఆగింది, మళ్ళీ కదిలిపోయింది. నేను ఆ బెంచీ మీదే కూర్చుని తింటూనే ఉన్నాను.